హ్యాకింటాష్ ల్యాప్‌టాప్: బ్యాటరీ చూపించాలి, మూత వేస్తే నిద్రపోవాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ టీ480లు బాగా దొరుకుతాయి. నా బల్ల మీద ఉన్నదీ అలాంటిదే. ఐ5-8350యూ ప్రాసెసర్, యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్, ఇంటెల్ 8265 వైఫై కార్డు. మామూలు పీసీలో మ్యాక్ఓఎస్ బూట్ చేయించే ఓపెన్‌కోర్ ద్వారా దాంట్లో మ్యాక్ఓఎస్ సొనోమా నడుస్తోంది. ఇలా ఆపిల్‌ది కాని మెషీన్‌లో మ్యాక్ఓఎస్ నడిపితే దాన్ని హ్యాకింటాష్ అంటారు. ఆపిల్ యాప్‌లు రాయడానికి వాడే ఎక్స్‌కోడ్ నేర్చుకోవాలని ఉండి, మ్యాక్‌బుక్ కొనే స్తోమత లేని పిల్లలు నా దగ్గరికి ఇలాంటివే తెస్తుంటారు. ఇన్‌స్టాల్ వరకూ అందరికీ బాగానే వస్తుంది. ఆ తర్వాతే బ్యాటరీ శాతం కనిపించదు, ఫ్యాన్ ఆగదు, మూత వేస్తే నిద్రపోదు, పోయినా లేవదు.

ఇలాంటి మెషీన్లతో కూర్చుని నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. నిద్ర సమస్యకు మందు నిద్ర సెట్టింగుల్లో ఉండదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్, బ్యాటరీని చూసే చిప్, యూఎస్‌బీ పోర్టులు, ఈ నాలుగూ సరిగ్గా ఉంటే నిద్ర చాలావరకు దానంతటదే కుదురుతుంది. అందుకే ఈ గైడ్‌లో నిద్ర చివర్లో వస్తుంది. మీరూ అదే వరసలో వెళ్లండి.

ముందుగా రెండు మాటలు. ఆపిల్ లైసెన్స్ ప్రకారం మ్యాక్ఓఎస్‌ను ఆపిల్ బ్రాండ్ కంప్యూటర్ల మీదే వాడాలి. కాబట్టి ఇది సొంతంగా నేర్చుకోవడానికే తప్ప, తయారుచేసి అమ్మడానికి కాదు. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ అలా అమ్మి, ఆపిల్ వేసిన కేసులో 2009లో ఓడిపోయింది. రెండోది, ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడిచే చివరి వెర్షన్ మ్యాక్ఓఎస్ టహో 26 అని ఆపిల్ 2025లోనే చెప్పేసింది. ఈ దారికి ముగింపు కనిపిస్తోంది. అయినా అందరూ కట్టిపెట్టేసిన ఒక మెషీన్ కొన్నేళ్లపాటు ఒక విద్యార్థికి పనికొస్తుందంటే, ఈ కష్టం పడటం నాకు ఇష్టమే.

విండోస్ చెరిపేయకముందే

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చుకోగానే విండోస్ తీసేయాలని తొందరపడకండి. మూడు పనులు విండోస్‌లోనే తేలిగ్గా అవుతాయి.

మొదటిది, కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /ఏ అని కొట్టండి. ఆ మెషీన్‌కు ఏయే రకాల నిద్ర వచ్చో చెబుతుంది. అందులో ఎస్3, అంటే ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆరిపోయే నిద్ర, ఉందా అన్నదే మనకు ముఖ్యం. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎస్3 తీసేసి, పూర్తిగా ఆరకుండా కునికే మోడర్న్ స్టాండ్‌బై ఒక్కటే పెట్టారు. మ్యాక్ఓఎస్‌కు ఇలాంటి పీసీల మీద కావాల్సింది ఎస్3. అది లేకపోతే ఈ గైడ్‌లో నిద్ర గురించి చెప్పేదేదీ మీకు పూర్తిగా పనిచేయదు. కొనేముందే చూసుకోగలిగితే ఇంకా మంచిది. ఎక్స్1 కార్బన్ ఆరో తరం లాంటి వాటిలో బయాస్ అప్‌డేట్ చేశాక, పవర్ మెనూలో నిద్ర రకాన్ని లినక్స్ అని మారిస్తే ఎస్3 వస్తుంది. టీ480లో ఎస్3 ముందునుంచే ఉంది.

రెండోది, బయాస్‌నూ థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌నూ అప్‌డేట్ చేసుకోండి. ఈ తరం థింక్‌ప్యాడ్‌లలో పాత థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌కు ఒక లోపం ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే టైప్-సీ పోర్టు పాడయ్యే ప్రమాదం ఉంది. లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. మూడోది యూఎస్‌బీ మ్యాప్, అంటే ఏ పోర్టు ఏ రకమో రాసిపెట్టడం. దాని సంగతి కింద చెబుతాను.

తర్వాత బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపండి, బూట్ విధానాన్ని యూఈఎఫ్ఐ ఒక్కటే చేయండి, వేక్ ఆన్ ల్యాన్ ఆపండి. టీ480లో సెక్యూరిటీ కింద ఐ/ఓ పోర్ట్ యాక్సెస్ అని ఒక పేజీ ఉంటుంది. మ్యాక్ఓఎస్‌లో ఎలాగూ పనిచేయని వేలిముద్ర రీడర్‌ను అక్కడే ఆపేయండి. స్మార్ట్ కార్డ్ స్లాట్ ఉంటే దాన్నీ ఆపేయండి. కాస్త కరెంటు మిగులుతుంది, యూఎస్‌బీ లెక్క కూడా తగ్గుతుంది.

ఓపెన్‌కోర్, దాని డ్రైవర్లు, సెట్టింగులు ఉండేది ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో. పనిచేస్తున్న ఆ ఫోల్డర్ కాపీ ఒకటి ఎప్పుడూ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఆ ఫోల్డర్ పడేస్తే, లోపలి డిస్క్‌లో ఏం చెడినా దాన్నుంచి బూట్ అవ్వొచ్చు. మార్పులన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లో చేసి, పనిచేశాకే డిస్క్‌లోకి తీసుకెళ్లండి. ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు మార్పులు కలిపి చేస్తే, ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో చెప్పలేం.

కెక్స్ట్‌ల వరస

డ్రైవర్లు, అంటే కెక్స్ట్‌లు, ఫోల్డర్‌లో ఉంటే సరిపోదు. ఓపెన్‌కోర్ సెట్టింగుల ఫైలైన కాన్ఫిగ్ ప్లిస్ట్‌లో ఏ వరసలో రాశామన్నది కూడా ముఖ్యం. మిగతా చాలావాటికి ఆధారమైన లిలు అన్నింటికన్నా పైన, దాని కింద మ్యాక్‌లోని ఎస్‌ఎంసీ చిప్‌లా నటించే వర్చువల్‌ఎస్‌ఎంసీ, ఆ తర్వాత దాని మీద ఆధారపడే ఎస్‌ఎంసీ బ్యాటరీ మేనేజర్, ఎస్‌ఎంసీ ప్రాసెసర్, వాటి కింద గ్రాఫిక్స్‌కు వాటెవర్‌గ్రీన్, సౌండ్‌కు యాపిల్‌ఏఎల్‌సీ, మిగతావి. కాన్ఫిగ్ ఫైలును ఎడిట్ చేసే ప్రాపర్‌ట్రీలో ఓసీ స్నాప్‌షాట్ నొక్కితే ఈ వరసను అదే సర్దుతుంది. సర్దాక ఓపెన్‌కోర్‌తో వచ్చే ఓసీవ్యాలిడేట్‌తో ఒకసారి తనిఖీ చేయండి.

ట్రాక్‌ప్యాడ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. టీ480లో ఉన్న సినాప్టిక్స్ ట్రాక్‌ప్యాడ్‌కు వూడూఆర్‌ఎంఐ, వూడూఎస్‌ఎంబస్ పెడతాం. కీబోర్డుకు వూడూపీఎస్2 కావాలి. వూడూఇన్‌పుట్ అనే చిన్న కెక్స్ట్ కాపీ వూడూఆర్‌ఎంఐ లోపలా ఉంటుంది, వూడూపీఎస్2 లోపలా ఉంటుంది. కాన్ఫిగ్‌లో వాటిలో ఒక్కటే ఆన్‌లో ఉండాలి. కర్సర్ కదలకపోయినా, రెండు వేళ్ల స్క్రోల్ పోయినా ముందు చూడాల్సింది ఇదే.

బూట్ అయ్యాక టెర్మినల్‌లో కెక్స్ట్‌స్టాట్ కొట్టి, ఆపిల్ సొంతవి కాని పేర్లన్నీ వచ్చాయో లేదో చూడండి. అక్కడ పేరు లేని డ్రైవర్ గురించి ఇక సెట్టింగులు మార్చడం దండగ, అది అసలు లోడే కాలేదు.

ప్రాసెసర్

సిస్‌సీటీఎల్ కమాండ్‌తో మాక్‌డెప్.ఎక్స్‌సీపీఎం.మోడ్ విలువ అడగండి. 1 వస్తే ఆపిల్ పవర్ మేనేజ్‌మెంట్ నడుస్తున్నట్టే. హార్డ్‌వేర్ గురించి ఓఎస్‌కు చెప్పే పట్టికలను ఏసీపీఐ అంటారు, వాటికి మనం జతచేసే చిన్న ఫైళ్లే ఎస్‌ఎస్‌డీటీలు. దీనికోసం పెట్టే ఎస్‌ఎస్‌డీటీ-ప్లగ్ ఫైలు, మొదటి కోర్‌కు ప్లగిన్-టైప్ 1 అనే గుర్తు తగిలిస్తుంది. మాంటెరే 12.3 నుంచి ఆ గుర్తు లేకపోయినా నడుస్తుంది. పాత వెర్షన్ కూడా బూట్ చేసే ఉద్దేశం ఉంటే ఉంచుకోండి.

ప్రాసెసర్ పవర్ సెట్టింగును ఓఎస్ మార్చకుండా అడ్డుకునే సీఎఫ్‌జీ లాక్ తీసే వీలు టీ480 బయాస్ మెనూలో కనిపించదు. అందుకని కాన్ఫిగ్‌లో కెర్నల్ క్విర్క్స్ అనే సర్దుబాట్లలో యాపిల్‌ఎక్స్‌సీపీఎంసీఎఫ్‌జీలాక్ ఆన్ చేయాలి.

ఫ్రీక్వెన్సీ చూడటానికి ఇదివరకు ఇంటెల్ పవర్ గ్యాడ్జెట్ వాడేవాళ్లం. ఇంటెల్ దాన్ని 2023లో ఆపేసింది. మ్యాక్ఓఎస్‌లోనే ఉన్న పవర్‌మెట్రిక్స్ కమాండ్ చాలు. ఐ5-8350యూ బేస్ 1.7 గిగాహెర్ట్జ్, టర్బో 3.6, వేడి పరిమితి (టీడీపీ) 15 వాట్లు. అన్నీ మూసేసి చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు ఫ్రీక్వెన్సీ బాగా కిందికి దిగాలి, పని చెప్పగానే ఎగబాకాలి. ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయి ఉంటే పవర్ మేనేజ్‌మెంట్ పనిచేయనట్టే. దిగుతోంది కానీ సరిపడా దిగట్లేదు అనిపిస్తే, సీపీయూఫ్రెండ్‌తో కనిష్ఠాన్ని 800 మెగాహెర్ట్జ్‌కు పెట్టుకోవచ్చు. అయితే కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజు స్పాట్‌లైట్ ఫైళ్లన్నీ ఇండెక్స్ చేస్తుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఆ ఒక్క రోజు చూసి టెన్షన్ పడొద్దు.

గ్రాఫిక్స్

గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా పట్టకపోతే డాక్ పారదర్శకంగా ఉండదు, విండోలు ఈడ్చుకుంటూ కదులుతాయి, నిద్ర కూడా రాదు. యూహెచ్‌డీ 620కి డివైస్-ఐడీ 16590000 ఇవ్వాలి. ప్లాట్‌ఫామ్-ఐడీకి 00001659 గానీ 0000సీ087 గానీ పెట్టి చూడాలి. 2018 మ్యాక్‌బుక్ ఎయిర్‌లోని యూహెచ్‌డీ 617 ఇదే కుటుంబానికి చెందింది. అందుకే సొనోమాలో ఈ డ్రైవర్ ఇంకా ఉంది. గ్రాఫిక్స్‌కు బయాస్ కేటాయించే మెమరీ 32 ఎంబీయే అయి, దాన్ని మార్చే వీలు లేకపోతే, ఫ్రేమ్‌బఫర్ ప్యాచ్ ఆన్ చేసి స్టోలెన్‌మెమ్ 00003001 పెట్టండి. స్క్రీన్ వెలుతురు తగ్గించడానికి పెంచడానికి ఎస్‌ఎస్‌డీటీ-పీఎన్‌ఎల్‌ఎఫ్, కీబోర్డు మీది వెలుతురు బటన్లకు బ్రైట్‌నెస్‌కీస్.

టీ480ల్లో కొన్నింటికి ఎన్‌విడియా ఎంఎక్స్150 కూడా ఉంటుంది. ఆ తరం ఎన్‌విడియాకు హై సియెర్రా తర్వాత డ్రైవర్ లేదు. బూట్ ఆర్గ్యుమెంట్‌తో దాన్ని మ్యాక్ఓఎస్ కంటికి కనబడకుండా చేయొచ్చు. కానీ కనబడనంత మాత్రాన కరెంటు తాగడం మానదు. ఏసీపీఐలో దానికి రాసి ఉన్న ఆఫ్ మెథడ్‌ను పిలిచే ఎస్‌ఎస్‌డీటీ పెడితేనే నిజంగా ఆరుతుంది. ఏమీ చేయకపోయినా ల్యాప్‌టాప్ అడుగు వెచ్చగా ఉంటోందని చెప్పే వాళ్లను నేను ముందు అడిగేది ఎన్‌విడియా ఉందా అనే.

బ్యాటరీ ఎందుకు కనిపించదు

ఇది కాస్త నిదానంగా చదవండి. అర్థమైతే ఏ ల్యాప్‌టాప్‌కైనా పనికొస్తుంది.

బ్యాటరీని ప్రాసెసర్ నేరుగా చూడదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ (ఈసీ) అని ఒక చిన్న చిప్ ఉంటుంది. బ్యాటరీ, ఫ్యాన్, మూత, ఎల్ఈడీ లైట్లు అన్నీ దాని అదుపులోనే. బ్యాటరీలో ఎంత మిగిలిందో అది తన లోపల కొన్ని గదుల్లో రాసి పెడుతుంది. థింక్‌ప్యాడ్ డీఎస్‌డీటీ, అంటే బయాస్ ఇచ్చే అసలు ఏసీపీఐ పట్టిక, తెరిచి చూస్తే ఆ గదుల పేర్లు కనిపిస్తాయి. మిగిలిన ఛార్జి ఎస్‌బీఆర్‌సీ, పూర్తి ఛార్జి ఎస్‌బీఎఫ్‌సీ, వోల్టేజీ ఎస్‌బీవీఓ. ప్రతి పేరు పక్కనా 16 అని రాసి ఉంటుంది, అంటే ఒక్కోటి 16 బిట్ల వెడల్పు. ఆపిల్ ఏసీపీఐ డ్రైవర్ ఈ చిప్ నుంచి ఒకసారికి 8 బిట్లే చదవగలదు. 16 బిట్ల గది అడిగేసరికి ఆ మెథడ్ మొత్తం తప్పి ఆగిపోతుంది. మెనూ బార్‌లో బ్యాటరీ గుర్తు లేకపోవడానికో, పక్కన అడ్డగీత పడటానికో అసలు కారణం ఇదే.

ఇదివరకు ఈ గదుల్ని ఒక్కొక్కటిగా రెండు ముక్కలు చేసి, డీఎస్‌డీటీలో చేత్తో తిరగరాసేవాళ్లు. ఇప్పుడు ఈసీఎనేబ్లర్ అనే కెక్స్ట్ పెడితే ఆ పని అక్కర్లేదు, పెద్ద గదుల్ని అదే ముక్కలుగా చదివి ఇస్తుంది. ఎస్‌ఎంసీ బ్యాటరీ మేనేజర్, దానితోపాటు ఈసీఎనేబ్లర్, టీ480కి ఈ రెండూ చాలు. డెస్క్‌టాప్‌ల కోసం రాసిన ఎస్‌ఎస్‌డీటీలు కొన్ని అసలు కంట్రోలర్‌ను ఆపేసి దొంగది పెడతాయి. ల్యాప్‌టాప్‌లో అలాంటిది వాడితే బ్యాటరీతోపాటు కీబోర్డు కూడా పోవచ్చు. దొంగ ఈసీ పక్కన ఉండొచ్చు, అసలుది మాత్రం నడుస్తూనే ఉండాలి.

టీ480కి లోపల ఒక బ్యాటరీ, వెనక తీసి పెట్టుకునేది ఇంకొకటి ఉంటాయి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ పేజీ తెరిచి సైకిల్ కౌంట్, పూర్తి సామర్థ్యం చూడండి. సెకండ్‌హ్యాండ్ మెషీన్ బ్యాటరీ ఎంత అరిగిందో అక్కడ తేలిపోతుంది. అరిగిపోయిన బ్యాటరీకి ఏ కెక్స్టూ ప్రాణం పోయలేదు.

ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపడం, ఫ్యాన్ వేగం చూడటం లాంటివి కావాలంటే యోగాఎస్‌ఎంసీ పెట్టుకోండి. నిద్ర లేచాక కూడా మూత మీది ఎర్ర లైటు మినుకుతూనే ఉండే సమస్యకూ అది మందు.

యూఎస్‌బీ మ్యాప్

ఈ పని బద్ధకించే వాళ్లే ఎక్కువ, నిద్ర రాక బాధపడేదీ వాళ్లే. మ్యాక్ఓఎస్ ఒక్కో యూఎస్‌బీ కంట్రోలర్‌కు 15 పోర్టులే గుర్తిస్తుంది. 15 అంటే చాలా అనిపిస్తుంది కానీ, నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఒక్కటే రెండుగా లెక్క, యూఎస్‌బీ 2కి ఒకటి, యూఎస్‌బీ 3కి ఒకటి. లోపల కెమెరా, బ్లూటూత్, వేలిముద్ర రీడర్, స్మార్ట్ కార్డ్ కూడా యూఎస్‌బీ మీదే ఉంటాయి. ఆ పరిమితిని ఎత్తేసే క్విర్క్ బిగ్ సర్ 11.3 నుంచి పనిచేయదు.

అందుకే విండోస్ ఉండగానే యూఎస్‌బీ టూల్‌బాక్స్ తెరవండి. ఒక యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రతి పోర్టులోనూ రెండూ పెట్టి తీయండి. టైప్-సీలో అయితే తిరగేసి కూడా పెట్టండి. ఏ పోర్టు ఏ పేరుతో వెలిగిందో అందులోనే కనిపిస్తుంది. ఆపైన ఒక్కోదానికి రకం ఇవ్వాలి. మామూలు యూఎస్‌బీ 3 పోర్టుకు 3. టైప్-సీని తిరగేసినా ఒకే పేరు వెలిగితే 9, రెండు పేర్లు వెలిగితే 10. లోపల ఉన్న వాటన్నింటికీ 255. కెమెరాకూ బ్లూటూత్‌కూ ఈ 255 ఇవ్వడం మరవొద్దు. వాటిని బయటి పోర్టులుగా రాస్తే, నిద్రలోకి వెళ్లేటప్పుడు ఏదో పీకేసినట్టు మళ్లీ పెట్టినట్టు మ్యాక్ఓఎస్ భ్రమపడుతుంది, ల్యాప్‌టాప్ వెంటనే లేచి కూర్చుంటుంది. వాడనివి మ్యాప్‌లోంచి తీసేయండి.

మ్యాప్ కెక్స్ట్ లోపల మీరు పెట్టుకున్న మ్యాక్ మోడల్ పేరు ఉండే అవకాశం ఉంది. ఎస్‌ఎంబయాస్‌ను, అంటే కాన్ఫిగ్‌లో ఇచ్చే ఆ మ్యాక్ మోడల్‌ను, మ్యాక్‌బుక్ ప్రో 14,1 నుంచి 15,2కి మార్చినప్పుడు ఆ పేరు కూడా మార్చాలి. లేకపోతే మ్యాప్ నిశ్శబ్దంగా పనిచేయడం మానేస్తుంది.

నిద్ర

హన్మకొండలో బీటెక్ చదువుతున్న మా బాబాయి కొడుక్కి ఇలాంటి టీ480నే సర్దిచ్చాను. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అన్నా, మూత వేసి బ్యాగ్‌లో పెట్టుకుని బస్సెక్కిన. దిగేసరికి పెనంలా కాలిపోతోంది. బ్యాటరీ మొత్తం అయిపోయింది."

"మూత వేశాక పైన ఎర్ర లైటు మినుకుమందా, అలాగే వెలుగుతూ ఉందా?"

"మినికింది. నిద్రపోయిందనుకునే బ్యాగ్‌లో పెట్టిన."

"అయితే పడుకుని లేచింది. మౌస్ డాంగిల్ ఇంకా దానికే ఉందా?"

"ఉందన్నా. తీయలే."

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి, వీటిని కలిపేయొద్దు. ఒకటి అసలు పడుకోకపోవడం. దానికి టెర్మినల్‌లో పీఎంసెట్ -జీ అసెర్షన్స్ కొట్టండి. ఏ ప్రోగ్రామ్ నిద్రను ఆపుతోందో పేరుతో సహా చెబుతుంది. ఒక్కోసారి వెనక పాట ప్లే అవుతున్న బ్రౌజర్ ట్యాబే కారణం. రెండోది పడుకుని వెంటనే లేవడం. దానికి పీఎంసెట్ -జీ లాగ్ తీసి, అందులో వేక్ రీజన్ అన్న మాట వెతకండి. ఎక్స్‌హెచ్‌సీ అని ఉంటే యూఎస్‌బీ లేపింది, జీల్యాన్ అయితే ల్యాన్ పోర్టు, ఆర్‌టీసీ అయితే లోపలి గడియారం. తమ్ముడి లాగ్‌లో ఎక్స్‌హెచ్‌సీ అని వరసగా ఉంది. బస్సు కుదుపులకు బ్యాగ్‌లో మౌస్ కదిలినప్పుడల్లా ల్యాప్‌టాప్ లేచింది.

డాంగిల్ పీకేస్తే ఆ పూటకు సరిపోతుంది. శాశ్వతంగా పోవాలంటే, మీ డీఎస్‌డీటీలో జీపీఆర్‌డబ్ల్యూ గానీ యూపీఆర్‌డబ్ల్యూ గానీ ఉందేమో వెతకండి. ఏ పరికరం ల్యాప్‌టాప్‌ను లేపొచ్చో నిర్ణయించే మెథడ్ అది. జీపీఆర్‌డబ్ల్యూ ఉంటే కాన్ఫిగ్‌లో 47 50 52 57 02ను 58 50 52 57 02గా మార్చే ప్యాచ్ పెట్టి, ఎస్‌ఎస్‌డీటీ-జీపీఆర్‌డబ్ల్యూను జత చేయాలి. ఈ రెండూ కలిసే ఉండాలి, ఒకటి పెట్టి ఇంకొకటి వదిలేస్తే ఏసీపీఐలో తప్పులొస్తాయి. ఇది పెట్టాక యూఎస్‌బీ మౌస్, కీబోర్డు ల్యాప్‌టాప్‌ను లేపలేవు. మూత తీస్తే, పవర్ బటన్ నొక్కితే మామూలుగానే లేస్తుంది.

ఇప్పుడు సెట్టింగులు. పీఎంసెట్‌తో హైబర్నేట్‌మోడ్ 0, పవర్‌న్యాప్ 0, టీసీపీకీప్‌అలైవ్ 0, ప్రాక్సిమిటీవేక్ 0 పెట్టండి. మ్యాక్ ల్యాప్‌టాప్‌లలో హైబర్నేట్‌మోడ్ మామూలుగా 3 ఉంటుంది. అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో కూడా రాసి పెట్టుకుంటుంది. హ్యాకింటాష్‌లో ఆ రాసుకున్నది తిరిగి తెరవడం దగ్గరే తేడాలొస్తాయి. 0 పెడితే ర్యామ్‌లో మాత్రమే ఉంటుంది. కాబట్టి నిద్రలో ఉండగా బ్యాటరీ పూర్తిగా అయిపోతే సేవ్ చేయని పని పోతుంది. రాత్రంతా వదిలేసేటప్పుడు షట్‌డౌన్ చేయడమే మేలు.

లేచాక స్క్రీన్ నల్లగా ఉండి ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే, గ్రాఫిక్స్ దగ్గరికి వెనక్కి వెళ్లండి. పీఎంసెట్ దాన్ని బాగుచేయలేదు.

మిగతావి

సౌండ్ కోసం టీ480లోని ఏఎల్‌సీ257కు యాపిల్‌ఏఎల్‌సీ లేఅవుట్ 11తో మొదలుపెట్టండి. వైఫైకి ఎయిర్‌పోర్ట్‌ఐటీఎల్‌డబ్ల్యూఎమ్. సొనోమా 14.0కీ 14.4కీ వేర్వేరు ఫైళ్లు ఉన్నాయి, మీ వెర్షన్‌ది తీసుకోండి. బ్లూటూత్‌కు ఇంటెల్‌బ్లూటూత్‌ఫర్మ్‌వేర్, ఇంటెల్‌బీటీప్యాచర్, బ్లూటూల్‌ఫిక్సప్ మూడూ కావాలి. ఇంటెల్ కార్డుతో ఎయిర్‌డ్రాప్ రాదు, దాని కోసం వేళ్లాడొద్దు.

అప్‌డేట్ వచ్చినప్పుడు ముందు ఓపెన్‌కోర్, లిలు, మిగతా కెక్స్ట్‌లు కొత్తవి వేసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూసుకుని, ఆ తర్వాతే మ్యాక్ఓఎస్ అప్‌డేట్ నొక్కండి. ఎవరినైనా సహాయం అడిగితే ల్యాప్‌టాప్ మోడల్, మ్యాక్ఓఎస్ వెర్షన్, ఓపెన్‌కోర్ వెర్షన్, వేక్ రీజన్ వరసలు ఇవ్వండి. కాన్ఫిగ్ ఫైలు పంపేముందు ప్లాట్‌ఫామ్‌ఇన్ఫోలోని సీరియల్ నంబర్, బోర్డ్ సీరియల్, యూయూఐడీ చెరిపేయండి. ఇంకొకరి ఈఎఫ్ఐని మీరు తీసుకుంటే వాటిని కొత్తగా తయారుచేసుకోండి.